యూదుల నవమి ఉపవాసము

ఉపవాసమనగానే మనకు ఏకాదశి, శివరాత్రి జ్ఞాపకము వస్తవి. అవి భక్తితో చేసేవి. యూదులకు మాత్రము కేవలము దుఃఖము కొరకే ఏర్పడిన ఉపవాసమొకటి ఉన్నది. ఇంటి పెద్ద పోయినప్పుడు పాటించే మైలను వారు ఒక గుడి కోసము ఏటేటా పాటిస్తారు.

దాని పేరు 'తిషా బెఆవ్'. ఆవ్ నెల తొమ్మిదవ దినమని అర్థము. వారి నెలలు కూడ చంద్రుని బట్టి నడిచేవే, అధికమాసమూ ఉన్నది. కనుక ఈ దినము సాధారణముగా మన ఆషాఢములోనో శ్రావణములోనో శుద్ధ నవమి ప్రాంతమున వస్తుంది.

జెరూసలేములో సొలొమోను కట్టించినదని చెప్పే దేవాలయమును క్రీ.పూ. 586 ప్రాంతమున బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యము తగులబెట్టి, ప్రజలను చెరపట్టింది. వారి సంతతి తిరిగి వచ్చి అక్కడే మరల గుడి కట్టుకున్నారు. దానిని క్రీ.శ. 70లో టైటస్ నడిపిన రోమను సైన్యము నాశనము చేసింది. రెండూ ఈ తిథినే జరిగినవని యూదుల సంప్రదాయము. 1492లో స్పెయిన్ దేశము యూదులను వెళ్లగొట్టిన దుఃఖమును కూడ ఈ దినముతోనే కలిపి చెప్పుకుంటారు.

అంతకుముందు మూడు వారాలు పెండ్లిళ్లు చేయరు. చివరి తొమ్మిది దినములు చాలామంది మాంసము, ద్రాక్షసారాయము ముట్టరు. ఐరోపా యూదులలో కొందరు ఉపవాసమునకు ముందు ఉడికిన గ్రుడ్డు, బూడిద అద్దిన రొట్టె తింటారు. ఆనాటి సూర్యాస్తమయము మొదలు మరునాటి చీకటి వరకు అన్నము లేదు, మంచినీళ్లు లేవు. స్నానము చేయరు, తోలుచెప్పులు తొడగరు, ఒకరినొకరు పలకరించుకోరు. రాత్రి దీపములు తగ్గించి, నేలమీద కూర్చుని, 'విలాపవాక్యములు' అనే గ్రంథము చదువుతారు. ఈ తిథి శనివారము పడితే, అది విశ్రాంతిదినము గనుక ఉపవాసము ఆదివారమునకు జరుపుతారు.

మధ్యాహ్నము దాటగానే నేలమీదినుండి లేచి పీటలు, కుర్చీలు ఎక్కుతారు. తమను రక్షించే మెస్సీయా ఈ దినముననే పుడతాడని వారిలో ఒక నమ్మకమున్నది. అందుకే కొన్నిచోట్ల స్త్రీలు ఆ వేళ ఇల్లు ఊడ్చి శుభ్రము చేస్తారు. తరువాత వచ్చే శనివారమునకు ఓదార్పు శనివారమని పేరు.

1948లో ఇజ్రాయేలు దేశము ఏర్పడింది; 1967లో జెరూసలేము పాతపట్టణము దాని చేతికి వచ్చింది. ఇంకా ఈ ఏడుపెందుకని అడిగినవారు వారిలోనే ఉన్నారు. గుడి ఇంకా లేవలేదు కదా అని ఆచారపరులు బదులు చెబుతారు.

మన మహారాష్ట్ర పాఠకులకు ఇది బొత్తిగా పరాయి సంగతి కాదు. కొంకణతీరమున మరాఠీ మాట్లాడే బెనె ఇజ్రాయేలీలు తరతరాలు నూనెగానుగలు ఆడించి బ్రతికిన యూదులు. శనివారము గానుగ కట్టరు గనుక ఊరివారు వారిని 'శనివార్ తేలీ' అనేవారు. ఈ నవమిని వారు 'బిర్డ్యాచా సణ్' అన్నారు. బిర్డా అంటే మొలకెత్తిన అనపగింజల కూర. గుడి పేరు కాక కూర పేరు పెట్టినారేమని నవ్వవద్దు. పిల్లలకు ముందు తెలిసేది రుచి. ఇవాళ ఈ కూరే ఎందుకు వండినావని వారు తల్లిని అడిగిననాడు జెరూసలేము కథ దానంతట అదే వస్తుంది.