రెండు మాసముల పదవియు, కుటుంబ సమాధియు

ఇటలీదేశమందలి ఫ్లారెన్సు నగరమును 1282వ సంవత్సరము మొదలుకొని ‘ప్రయరు’లనెడి అధికారులు పాలించిరి. వారి పదవి రెండు మాసములే. ఒక కుటుంబమే నగరమును మ్రింగివేయునను భయమున, పదవి దిగినవాడు కొంతకాలము మరల నెక్కరాదని నియమించిరి. 1293వ సంవత్సరపు శాసనములు గొప్ప ప్రభుకుటుంబములకు ఆ పదవినే మూసివేసెను. బార్డివారు ఆ కుటుంబములలోనివారే.

అయినను పేరు నిలుపుకొనుటకు వేఱొక చోటు గలదు. సాంతా క్రోచె దేవాలయమున ప్రధానబలిపీఠము ప్రక్కన బార్డివారి మందిరమును, దానిని ఆనుకొని, పలుమారులు ప్రయరులైన పెరుజ్జివారి మందిరమును ఉన్నవి. పదవి లేనివారే పీఠమునకు చేరువ! ధనమిచ్చిన కుటుంబమునకు ఇట్టి మందిరములలో సమాధిస్థలమును, మృతుల యాత్మలకై గురువుల ప్రార్థనలును లభించెడివి. ఈ రెండింటి గోడలను జొత్తో చిత్రించెను. పెరుజ్జివారి బ్యాంకు 1343లోను, బార్డివారిది 1346లోను కూలిపోయెను. సున్నము క్రింద మరుగుపడిన చిత్రములు 19వ శతాబ్దమున మరల బయల్పడినవి.