లేదన్న ఫలితము, తీరని సందేహము

మాదాపూరులో 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ తెరువబడినది మొదలు, హైటెక్ సిటీ ప్రాంతమున రాత్రింబవళ్లు కంప్యూటర్ల ముందు పనిచేయు యువజనులు పెరుగుచునే యున్నారు. వ్రాసిన ప్రోగ్రామును ఒకమారు పరీక్షించి ఊరకుండుట వారి వృత్తిధర్మము కాదు. ఈ యలవాటును తమ నెత్తుటికి వర్తింపజేసినపుడే చిక్కు. హెచ్.ఐ.వి. లేదని కాగితము చేతికి వచ్చినను, నిజమేనా యని వారమున కొక పరీక్ష చేయించుకొనువారు కలరు.

వారిని పరిహసింపరాదని మా యభిప్రాయము. శంకలో కొంత న్యాయమున్నది. అయితే ఫలితము తప్పుటకు ముఖ్యకారణము పరికరము కాదు, తేదీ. వేలు గ్రుచ్చి చూచు పరీక్ష వెదకునది వైరసును గాదు. దానిపై మన దేహము సిద్ధపరచుకొను యాంటీబాడీలను. అవి తేలుటకు 23 మొదలు 90 దినములు పట్టవచ్చును. సిరనుండి తీసిన నెత్తుటితో ప్రయోగశాలలో జరుపు నాలుగవ తరము పరీక్ష, పి-24 అను వైరసు భాగమును గూడ పట్టును గనుక 18 మొదలు 45 దినములలో తెలుపును. వైరసు జన్యుపదార్థమునే వెదకు నాట్ పరీక్షకు 10 మొదలు 33 దినములు. కావున సంపర్కము జరిగిన పదవనాడు 'లేదు' అన్న మాట, శనివారము నాటిన గింజను సోమవారము త్రవ్వి మొలవలేదనుట వంటిది.

గడువు దాటిన పిమ్మట సంగతి వేరు. 40,000 మందిలో 200 మందికి వైరసు గలదని ఊహింతము. నూటికి 99.5 వంతున పట్టు పరీక్ష 199 మందిని పట్టి, ఒక్కరిని విడుచును. 'లేదు' అనిపించుకొను సుమారు 39,800 మందిలో పొరపాటు ఆ యొక్కరిదే. ఇక జ్వరము, గొంతునొప్పి, ఒంటిపై దద్దురు మొదలైనవి సవాలక్ష కారణములచే వచ్చును. వానినిబట్టి ఉన్నదనిగాని లేదనిగాని నిర్ణయింప వీలులేదు.

72 గంటలలోపల నివారణౌషధము మొదలిడి 28 దినములు వాడినవారికి ఈ గడువులు వర్తింపవు. వారికి తేదీ వైద్యుడే చెప్పవలెను.

ఐ.సి.టి.సి. యని పిలువబడు ప్రభుత్వ కేంద్రములలో పరీక్షయు, సలహాయు ఉచితము. ఆఫీసువారికి తెలియునేమో యను భయముతో జంకువారు 2017వ సంవత్సరపు చట్టమును ఎరుగవలెను. ఉద్యోగమునకు ఈ పరీక్షను షరతుగా పెట్టుటను అది నిషేధించినది. ఫలితమును గోప్యముగా నుంచవలెనని శాసించినది. ముందుగా మాటాడి చూడదలచినవారికి 1097 నంబరు గలదు. ఆ పిలుపునకు రుసుము లేదు.