రిమోట్ కారు వేగం: లెక్కలో ఎంత, నేల మీద ఎంత?

రిమోట్ కారు గరిష్ఠ వేగాన్ని కాగితం మీద తేల్చడం సులువే. భారమేమీ లేనప్పుడు మోటారు ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో దాని మీది కేవీ అంకె చెబుతుంది. 3,500 కేవీ మోటారుకు 7.4 వోల్టుల లిథియం పాలిమర్ బ్యాటరీ పెడితే 25,900 చుట్లు. గేర్లు దాన్ని ఎనిమిదో వంతుకు తగ్గిస్తే, 65 మిల్లీమీటర్ల వ్యాసమున్న చక్రాలతో గంటకు సుమారు 40 కిలోమీటర్లు.

నేల మీద సాధారణంగా అంత రాదు. చిక్కంతా ‘భారమేమీ లేనప్పుడు’ అన్న షరతులోనే ఉంది. కారును లాగే మోటారు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. బ్యాటరీ వోల్టేజి పడిపోయి చుట్లు తగ్గుతాయి. గేర్లు, బేరింగులు, టైర్ల రాపిడి మరికొంత తింటుంది. వేగం పెరిగేకొద్దీ అసలు అడ్డు గాలిదే. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది, దాన్ని ఎదిరించడానికి కావలసిన హార్స్‌పవర్ ఎనిమిది రెట్లు. పెద్ద మోటారు బిగించినవారికి తరచూ నిరాశ ఎదురయ్యేది ఇందుకే.

లెక్క తక్కువ చెప్పే సందర్భాలూ ఉన్నాయి. నిండా చార్జయిన అదే బ్యాటరీ 8.4 వోల్టులు చూపుతుంది. మెత్తని టైర్లు వేగానికి ఉబ్బి వ్యాసం పెరుగుతుంది. అందుకే కారుకు చిన్న జీపీఎస్ పరికరం బిగించి, గాలి వాటం ప్రభావం తగ్గేలా రెండు దిశల్లోనూ నడిపి సగటు తీయడమే నమ్మదగిన కొలత.