మూలపడిన స్పీకరు

హుజూర్‌నగర్ వంటి పట్టణంలో ఏ ఇంటనైనా పాతకాలపు పెద్ద స్పీకరు మూలపడి ఉంటే, దానిని తూకానికి వేసే ముందు పరీక్షించడం మేలు. 1925లో అమెరికన్ ఇంజనీర్లు రైస్, కెల్లాగ్ ప్రకటించిన నిర్మాణమే నేటికీ స్పీకర్లకు ఆధారం. అయస్కాంతం నడుమనున్న తీగచుట్ట విద్యుత్తు వలన కంపించి కాగితపు శంకువును కదిలిస్తుంది. ఆ కదలిక గాలిలో ధ్వనిగా మారుతుంది. అయస్కాంతం దశాబ్దాలు నిలుస్తుంది. శంకువు అంచుననున్న ఫోమ్ మాత్రం వేడికి, తేమకు పొడిగా రాలిపోతుంది. తీగచుట్ట ఒరుసుకోకుండా కొత్త అంచును అతికిస్తే స్పీకరు మళ్ళీ పలుకుతుంది.

అయితే ఆంప్లిఫయరు దానికి తగినది కావాలి. 8 ఓములకు ఉద్దేశించిన ఆంప్లిఫయరుకు 4 ఓముల స్పీకరు తగిలిస్తే అది వేడెక్కి చెడిపోవచ్చు. చిన్న ఆంప్లిఫయరును శక్తికి మించి పెంచితే ధ్వని వికృతమై, హెచ్చుస్వరాలు పలికే చిన్న స్పీకరు కాలిపోవచ్చు. పారవేయడం క్షణంలో పని, బాగుచేయడం విద్య.