కన్ను ఎందుకు కుంచించుకుపోతుంది?

మా గదిలో ఒక తమ్ముడికి ఎడమ కన్ను చిన్నదిగా, లోపలికి పోయి ఉంటుంది. చిన్నప్పుడు చిర్రగోనె ఆడుతుంటే చిర్ర తగిలిందట. ఇంట్లోవాళ్లు ఆకు పసరు పోసి నాలుగు రోజులు చూశారు. ఆలోగా కంట్లో చీము పట్టింది. హాస్టల్లో చేరిన కొత్తలో మేమంతా వాడిని 'ఒంటికన్ను' అని పిలిచేవాళ్లం. ఆ తప్పు మాదే. అందుకే ఈసారి ఆ కన్ను గురించి తెలుసుకుని రాస్తున్నాము.

కంటిగుడ్డు లోపల ఊరే నీటి వల్లనే బంతిలా నిలబడుతుంది. పెద్దవారిలో దాని అడ్డుకొలత సుమారు 24 మిల్లీమీటర్లు. కనుపాప చుట్టూ ఉండే రంగుపొర వెనుక ఒక వలయం ఈ నీటిని తయారు చేస్తుంది. గట్టి దెబ్బ వల్లనో, చీము వల్లనో అది పాడైతే నీరు సరిగా ఊరదు. గాలి దిగిన ఫుట్‌బాల్ లాగా కన్ను మెత్తబడి ముడుచుకుంటుంది. డాక్టర్లు దీన్ని థైసిస్ బల్బై అంటారు. గ్రీకులో థైసిస్ అంటే కృశించడం. పూర్వం టీబీకి కూడా ఇదే పేరు. కానీ ఇది టీబీ కాదు, అంటుకోదు. వాడి తువ్వాలు ముట్టడానికి భయపడ్డవాళ్లు మాలోనూ ఉన్నారు మరి!

ఇలా కుంచించుకుపోయిన కంటికి చూపు తిరిగి రాదు. నొప్పి లేకపోతే చాలామందికి కన్ను తీయకుండానే, కొలత తీసి, రెండో కంటి రంగులో పలుచని అక్రిలిక్ తొడుగు చేసి పెడతారు. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఇవి చేస్తారు.

ఫ్రాన్సులో 1812లో మూడేళ్ల లూయీ బ్రెయిల్ తండ్రి తోలు కుట్టే ఆరెతో ఆడుతూ కన్ను పొడుచుకున్నాడు. జబ్బు రెండో కంటికీ పాకి, ఐదేళ్లకే చూపంతా పోయింది. ఆ చుక్కల లిపి ఆయనదే.

మన ఇస్మాయిల్‌ఖాన్‌పేట చుట్టుపక్కల నుంచి పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలకు పోయే నాన్నలు, అన్నలు ఎందరో. గ్రైండింగ్ దగ్గర అద్దాలు పెట్టుకోమని వాళ్లకు చెప్పండి. ఇనుప రవ్వ గుచ్చుకుంటే రుద్దవద్దు, పీకవద్దు. కంటిని నొక్కకుండా పేపరు కప్పు బోర్లించి కట్టి, అదే రోజు సంగారెడ్డికో, మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికో తీసుకుపోవాలి. యాసిడ్, సున్నం లాంటివి పడితే మాత్రం ముందు అక్కడే అరగంట నీళ్లతో కడగాలి.

ఈ వ్యాసం ముందుగా తమ్ముడికే చూపించాము. "పసరు సంగతి ఇంకోసారి రాయండన్నా" అన్నాడు. రాస్తున్నాము: కంట్లో పసరు పోయవద్దు.