‘ఈ వయసులో మీకెందుకండి?’

మండపేట చుట్టుపక్కల ఊళ్ళలో ఇది తరచూ కనిపించేదే. పెద్దాయనకు డెబ్బై దాటుతాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడతారు. చేలు కౌలుకిచ్చేస్తారు. “ఈ వయసులో మీకెందుకండి నాన్నగారూ? కృష్ణా రామా అనుకుంటూ కూర్చోండి” అంటారు. ప్రేమతోనే అంటారు. అప్పటిదాకా ఆయన తెల్లవారకముందే లేచి, బోదెలో నీరు ఎక్కడిదాకా వచ్చిందో చూసి, కూలీలకు కబురంపి, మిల్లులో బస్తాల లెక్క సరిచూసుకున్న మనిషి. మర్నాటి నుంచి ఆయన కోసం ఎదురుచూసే పని ఒక్కటీ ఉండదు.

ఒంటికి ఇది సుఖమే. మరి మెదడుకు?

పరిశోధకులు దీన్ని ‘జీవన ప్రయోజనం’ (మనం దేనికోసం బతుకుతున్నామో మనకు తెలిసి ఉండటం) అనే కోణంలో చూస్తారు. ఇందుకు పెద్ద ఆశయాలు అక్కర్లేదు. రేపు పొద్దున్న లేవడానికి ఒక కారణం ఉంటే చాలు. అది చేను కావచ్చు, మనవడి చదువు కావచ్చు, గుళ్ళో భజన నడిపించడమూ కావచ్చు.

ఇప్పుడే ఈ మాట ఎందుకంటే, మన దేశంలో 60 దాటిన ప్రతి వందమందిలో సుమారు ఏడుగురికి డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన, రోజువారీ పనులు క్రమంగా దెబ్బతినే జబ్బు) ఉందని అంచనా. అంటే దాదాపు 88 లక్షల మంది. పూర్తిగా నయం చేసే మందు లేదు. అందుకే దాన్ని వాయిదా వేయగలిగేవాటి మీద అందరి దృష్టీ పడింది.

షికాగోలోని రష్ వైద్య విశ్వవిద్యాలయం పరిశోధకులు 900 మందికి పైగా వృద్ధులను కొన్నేళ్ళపాటు గమనించి 2010లో ఫలితాలు ప్రకటించారు. ప్రయోజన భావన బాగా ఎక్కువగా ఉన్నవారికి, బాగా తక్కువగా ఉన్నవారితో పోలిస్తే, అల్జీమర్స్ (డిమెన్షియాలో ఒక రకం) బారిన పడకుండా ఉండే అవకాశం 2.4 రెట్లు. 2025లో కాలిఫోర్నియా పరిశోధకులు 13 వేలకు పైగా మంది వివరాలు పరిశీలిస్తే, ప్రయోజన భావన ఎక్కువగా ఉన్నవారికి మెదడు మందగించే ముప్పు 28 శాతం తక్కువగా తేలింది. అయితే 8 ఏళ్ళ కాలంలో ఆ మందగింపు వెనక్కి జరిగింది సగటున నెలన్నర లోపే. లాభం ఉంది, అద్భుతం మాత్రం లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. జబ్బు లోలోపల మొదలైతే ఉత్సాహమే ముందు తగ్గవచ్చు. అప్పుడు ఏది కారణం, ఏది ఫలితం? ఈ అధ్యయనాలతో పూర్తిగా తేలదు.

అయినా ఒక ఆధారం ఆలోచింపజేస్తుంది. రష్ పరిశోధకులే 2012లో, చనిపోయిన 246 మంది మెదళ్ళను పరీక్షించారు. అల్జీమర్స్ గుర్తులైన ప్రొటీన్ చిక్కుముళ్ళు ఒకే స్థాయిలో ఉన్నా, ప్రయోజన భావన ఉన్నవారి తెలివి నెమ్మదిగా తగ్గింది. జబ్బు వచ్చింది, దెబ్బ తగ్గింది.

దీన్ని ‘మేధా నిల్వ’ (దెబ్బ తగిలినా పని నడిపించుకోగల మెదడు శక్తి) అంటారు. డెల్టా రైతుకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒక బోదె పూడిపోతే పక్క బోదెలోంచి నీరు మళ్ళిస్తాడు. అసలు ఉన్నదే ఒక్క బోదె అయితే చేను ఎండుతుంది. మెదడులోనూ వాడే కొద్దీ దారులు పెరుగుతాయి, వాడనివి పూడుతాయి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఇలాంటిదే చూపించింది. రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వారిలోనూ ఆ తేడా కనిపించింది. అంటే డిగ్రీ కంటే వాడకం ముఖ్యం.

జీవన ప్రయోజనం మెదడుకు మేలు చేసే మరో దారి రక్తనాళాలు. రేపు పని ఉందనుకునే మనిషి నడుస్తాడు, నలుగురితో మాట్లాడతాడు, బీపీ మాత్ర మరిచిపోడు. మెదడులో రక్తం అందక ఏర్పడే మచ్చలు ఇలాంటివారిలో తక్కువని 2015లో రష్ అధ్యయనమే చెప్పింది.

భౌతికశాస్త్ర ఆచార్యులు చిలుకూరి శాంతమ్మ గారు 1989లో రిటైరయ్యారు. 93 ఏళ్ళ వయసులో, మోకాళ్ళు సహకరించకపోయినా, విశాఖ నుంచి విజయనగరం వెళ్ళి పాఠాలు చెప్పారు. ఒక్కరి జీవితం రుజువు కాదు. కానీ ఎదురుచూసే విద్యార్థులు ఉండటం అంటే ఏమిటో అక్కడ కనిపిస్తుంది.

ఇంట్లో మనం చేయగలిగేది చిన్నదే. బరువు తీసేయండి, బాధ్యత ఉంచండి. మామ్మగారు జాడీ ఎత్తలేకపోవచ్చు. ఆవకాయలో కారం, ఉప్పు, ఆవపిండి పాళ్ళు ఆవిడే చెప్పాలి. పెద్దాయన గట్ల మీద నడవలేకపోవచ్చు. కొబ్బరి దింపు రోజున కాయల లెక్క ఆయనదే. ఆ లెక్క కోసం ఇంట్లోవాళ్ళు నిజంగా ఆగాలి. ఊరికే మెప్పించడానికి ఇచ్చిన పనిని ఆయన ఇట్టే పసిగడతారు.

ఇందులో ఇంకో మేలుంది. లెక్క ఒకసారి తప్పితే మళ్ళీ ఆయన్నే లెక్కపెట్టమనండి. ఎప్పుడూ తప్పని మనిషి పదేపదే తప్పుతుంటే డాక్టరుకు చూపించండి. ఏ పనీ లేకుండా అరుగు మీద కూర్చున్న మనిషి మతిమరుపు చాలా ఆలస్యంగా గాని బయటపడదు.