పారిశ్రామిక భద్రతా దీపాలు

మండే వాయువులు, ద్రావకాల ఆవిరి, ధూళి ఉండే చోట నిప్పు పుట్టించకుండా వెలుగునిచ్చే దీపాలను పారిశ్రామిక భద్రతా దీపాలు అంటారు. గనులు, పెట్రోలు నిల్వ కేంద్రాలు, ఔషధ కర్మాగారాలు, రంగులు వేసే షెడ్లు వీటి ముఖ్య స్థానాలు. గనుల కోసం 1815లో హంఫ్రీ డేవీ రూపొందించిన దీపం వీటికి పూర్వరూపం. దానిలో మంట చుట్టూ ఉన్న సన్నని తీగవల వేడిని పీల్చుకొని మంటను బయటకు రానీయదు.

ధరల తగ్గుదల

తెల్లని ఎల్‌ఈడీ కాంతికి మూలమైన నీలి ఎల్‌ఈడీని సాధించిన అకసాకి, అమానో, నకమురా 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి పొందారు. భారతదేశంలో 2014 ఆరంభంలో ప్రభుత్వరంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ ఒక గృహ ఎల్‌ఈడీ బల్బును సుమారు 310 రూపాయలకు కొన్నది. భారీ సంఖ్యలో టెండర్లు పిలవడం వలన 2016 నాటికి అది సుమారు 38 రూపాయలకు దిగింది. ఈ ప్రభావం కార్ఖానా దీపాలపైనా పడింది.

అయితే తగ్గినది ప్రధానంగా కాంతినిచ్చే చిప్ ధర. ఫ్లేమ్‌ప్రూఫ్ దీపానికి మందమైన లోహపు పెట్టె, గట్టి గాజు, కొలత తప్పని అతుకులు అవసరం. లోపల పేలుడు జరిగినా పెట్టె తట్టుకోవాలి; అతుకుల సందుల గుండా వచ్చే వాయువు చల్లబడాలి. ఈ ఖర్చు చిప్ ధరతో పాటు తగ్గదు. కనుక తోటి దీపాల కంటే మరీ చౌకగా దొరికే దీపంలో సాధారణంగా కోత పడేది ఇక్కడే.

కొనేటప్పుడు గమనించవలసినవి

హైదరాబాదులో కోఠి దగ్గరి ట్రూప్ బజార్ విద్యుత్ సామగ్రికి పేరొందినది. సైదాబాద్ వంటి చోట్ల ఇళ్ల మధ్య నడిచే చిన్న వర్క్‌షాపుల వారు ఈ క్రింది విషయాలు గుర్తుంచుకోవాలి.

* ఐపీ65 అనే గుర్తు ధూళి, నీటి నుండి రక్షణను మాత్రమే తెలుపుతుంది. అది ఫ్లేమ్‌ప్రూఫ్ అని అర్థం కాదు.
* పెట్రోలియం ప్రాంగణాలకు నాగపూర్‌లోని పెసో అనుమతి, సింగరేణి వంటి గనులకు ధన్‌బాద్‌లోని డీజీఎంఎస్ ఆమోదం చూడాలి. ధ్రువపత్రంలోని మోడల్ సంఖ్య దీపంపై ఉన్నదానితో సరిపోవాలి.
* దీపం ఉపరితల ఉష్ణోగ్రత తరగతి ముఖ్యం. టి4 అంటే 135, టి6 అంటే 85 డిగ్రీల సెల్సియస్ మించదు.
* 250 వాట్ల దీపం బదులు 100 వాట్లది రోజుకు 12 గంటలు వెలిగితే ఏడాదికి 657 యూనిట్లు మిగులుతాయి. కాబట్టి కొనుగోలు ధర ఒక్కటే లెక్క కాదు.
* తరచుగా ముందు చెడేది డ్రైవరు. దాని వారంటీ, విడిగా మార్చే వీలు అడిగి తెలుసుకోవాలి.
* మండే పదార్థాలు లేని షెడ్డుకు ఫ్లేమ్‌ప్రూఫ్ దీపం వృథా ఖర్చు. అక్కడ మంచి సాధారణ దీపం చాలు.

2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో నివాస భవనం కింది అంతస్తులో నిల్వ ఉంచిన రసాయనాలు అంటుకొని పైఅంతస్తుల వారు పలువురు మరణించారు. ఆ ప్రమాదానికి దీపం కారణమని కాదు. మండే ద్రావకాలున్న చోట ఏ చిన్న నిప్పురవ్వ అయినా చాలునని అది తెలుపుతున్నది. అటువంటి చోట దీపం ధరకంటే ముందు దాని ధ్రువపత్రాన్ని చూడాలి.